సీమకోడి కైమా, పాలిష్ బండ

వంట చేయబోయి చేతులు కాల్చుకున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. ఉప్పు రెండుసార్లు వేసి, చుట్టాలను నీళ్లకుండ దగ్గరికి పరుగెత్తించినవాళ్లనూ చూసి ఉంటారు. ఒక్క పూట వంటతో ఒక బండను చంపినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుడు నేనే. బండంటే అల్లాటప్పా బండ కాదు, బేతంచెర్ల బండ. గడ్డపారకు కూడా అంత తొందరగా లొంగని రకం. దాన్ని నేను నిమ్మకాయతో పాడు చేశాను. దాంతోపాటు నా పెళ్లిని కూడా ఇంచుమించు పాడు చేసుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఇది చదువుతూ ఏమీ నమలకండి, పొలమారితే నా పూచీ లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ ఎటు చూసినా కొత్త కట్టడాలు, ప్రతి కట్టడానికీ బండలు కావాలి. వేంపల్లెలో ఎస్సెస్సెల్సీ పాసై, అరుగుమీద కూర్చుని మా నాయన చేత పూటకో దఫా తిట్లు తింటున్న నేను బేతంచెర్లకు వచ్చి మద్దిలేటి రెడ్డి బండల డిపోలో గుమాస్తాగా చేరాను. లారీకెక్కిన బండలు లెక్కపెట్టడం, పగిలినవాటిని చూసి "అయ్యో" అనడం నా ఉద్యోగం. రెండో పని మహా బాగా చేసేవాణ్ణి. ఉండడానికి డిపో వెనకే ఒక గది ఇచ్చారు. తిండి స్టేషను దగ్గర హోటల్లో. నన్ను పొయ్యి దగ్గర చూసిన మనిషి అప్పటివరకూ ఈ భూమ్మీద లేడు.

మద్దిలేటన్నకు నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒకసారి వాళ్ల చుట్టాల పెళ్లికని నన్ను మైదుకూరుకు వెంటబెట్టుకుని పోయాడు. పంక్తిలో కూర్చుంటే ఒక పిల్ల చారు వడ్డిస్తూ వచ్చింది. నా ముందు విస్తరి ఉంది, విస్తరిలో అన్నం ఉంది, అన్నం మధ్యలో గుంట కూడా చేసుకుని సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్ల వీటన్నింటినీ తప్పించి, చారు సరిగ్గా నా ఒళ్లో పోసింది. పోసి, "అయ్యో" అనాల్సిందిపోయి కిలకిలా నవ్వింది. వేడి చారు ఒళ్లో పడినవాడికి కోపం రావాలి. నాకు రాలేదు. ఆ నవ్వు బేతంచెర్లకు తిరిగివచ్చినా చెవుల్లోంచి పోలేదు.

"అన్నా, ఆ పిల్ల ఎవురు?" అని సిగ్గు విడిచి అడిగాను.

"నారపరెడ్డి బిడ్డప్పా, లక్ష్మీదేవి. మైదుకూరు కాడ నిమ్మతోట ఉండాది వాళ్లకు. ఏం, మనసు పడినావా?"

"పడినా అన్నా. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటా."

"మాట్లాడతాలే. అయితే ఒకటి, నారపరెడ్డి శానా పట్టింపు మనిషి. పిల్లోడు నచ్చల్ల, పిల్లోడుండే ఇల్లూ నచ్చల్ల. ఆయన వచ్చి సూసి, ఊ అంటేనే అయితాది. ఊహూ అన్న్యాడంటే ఇంగ బెమ్మదేవుడు చెప్పినా వినడు."

అన్న అన్నట్టే మాట్లాడాడు. ఆదివారం మధ్యాహ్నానికి నారపరెడ్డి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకంటే ముందు, ఒక లారీ డ్రైవరు చేతిలో నాకని బుట్టెడు నిమ్మకాయలు వచ్చాయి. మీరే చెప్పండి, కాబోయే మామ కాయలు పంపిస్తే అల్లుడు కాబోయేవాడు ఏమనుకుంటాడు? ఈ కాయలతో ఏం చేస్తాడో చూద్దామని నాకు పరీక్ష పెట్టాడనుకున్నాను. ఆయన అలాంటిదేమీ అనుకోలేదు, తోటలో కాయలు ఎక్కువై పంపాడు, అంతే. అది తర్వాత తెలిసింది.

"భోజనం మా ఇంట్లో పెడదాంలేప్పా" అన్నాడు మద్దిలేటన్న.

"వద్దన్నా. నా చేత్తో నేనే వండి పెడతా" అన్నాను.

"నువ్వా?"

"నేనే."

"నీకేం వచ్చప్పా వండేకి?"

"సీమకోడి."

అన్న నా మొహంలోకి తేరిపార చూసి, జొన్నరొట్టెలన్నా తన ఇంటినుంచి పంపుతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఈ సీమకోడి సంగతి చెప్పాలి. టర్కీకోడి అని ఇప్పుడంటున్నారే, అదే. మా స్టేషను క్వార్టర్లలో ఒక రైలు గార్డు దొర ఉండేవాడు, ఆయన భార్య వాటిని పెంచేది. మెడకింద ఎర్రటి తోలు వేలాడుతూ ఉంటుంది, మొహం నిండా బుడిపెలు, నడక మాత్రం తాసిల్దారు నడక. దొరకు బదిలీ అయి, వెళ్లేముందు ఉన్న పక్షులన్నింటినీ కోయించేశారు. బండల వ్యాగన్ల బుకింగు కోసం స్టేషనుకు తిరుగుతూ నేను వాళ్లకు పరిచయమే గనక, శుభ్రం చేసిన ఒక పక్షిని గుడ్డలో చుట్టి ఆదివారం పొద్దున్నే నా చేతిలో పెట్టింది దొరసాని. పెట్టి, వండే పద్ధతి కూడా చెప్పింది.

"దీని మాంసం పీచు. ముక్కలు కోసి వండితే దవడలు పోతాయి. బాగా సన్నగా కైమా కొట్టు. నిమ్మరసం పిండి ఊరబెట్టు. ఉప్పు, మిరియాలు వేసి వేయించు. అంతే. చిన్నపిల్లలు కూడా వండుతారు."

ఆ చివరి మాటే నా కొంప ముంచింది.

పక్షిని తీసుకుని నేరుగా మాంసం అంగడి ఖాదర్ సాయిబు దగ్గరికి పోయాను. చింతమొద్దు మీద ఆయన కైమా కొడుతుంటే తబలా వాయించినట్టే ఉండేది.

"సాయిబూ, దీన్ని కొంచెం కైమా కొట్టియ్యి."

ఆయన గుడ్డ విప్పి చూసి వెనక్కి జరిగాడు. "యా అల్లా! ఏందప్పా ఇది, కోడా, గద్దా?"

"సీమకోడి."

"కోసిందెవురు?"

"దొర వంటోడు."

"అట్లయితే హలాల్ కాదు, నా మొద్దు మీద పెట్టేది లేదు, నా కత్తి ఇచ్చేదీ లేదు. ఏమనుకోవాకప్పా. మీ ఇంట్లోనే కొట్టుకో పో. గట్టిదాని మీద పెట్టి కొట్టు, బాగా పడతాది."

గట్టిదాని మీద! ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి నలుదిక్కులా చూశాను. నా గదిలో నేల మట్టి నేల. పీట ఒకటుంది, దానికి కాలు లేదు. మరో గట్టి వస్తువు ఒకే ఒక్కటి కనిపించింది. గోడ పక్కన ఇటుకల మీద, గోనెపట్టా కప్పుకుని పడుకుని ఉంది ఆ బండ.

అది మామూలు బండ కాదు. ఇద్దరు పనివాళ్లు ఇసుక పోసి, నీళ్లు చల్లి, వారాల తరబడి చేత్తో రుద్ది దాన్ని అద్దం చేశారు. రోజూ పొద్దున్నే పట్టా తీసి, అందులో చూసుకుని తల దువ్వుకునేవాణ్ణి. డిపోలో ఉంచితే లారీల దుమ్ము పడుతుందని మద్దిలేటన్న నా గదిలో పెట్టించాడు. "ఎవురో ముచ్చటపడి చేయించుకుంటాండారు, ముట్టుకోవాకు" అని మాత్రం అన్నాడు. ఆర్డరు వచ్చినప్పుడు నేను వేంపల్లెకు పోయి ఉన్నాను. ఎవరిదని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ముట్టుకోవద్దన్నాడు గానీ, దాని మీద మాంసం కొట్టవద్దని అనలేదు గదా. ఇలాంటి తెలివితేటలు అప్పట్లో నా దగ్గర బస్తాలకు బస్తాలు ఉండేవి.

సట్టి, మచ్చుకత్తి మొదలుకుని మిరియాలు, ఉల్లిగడ్డలు, చింతపండు దాకా అన్నీ స్టేషను హోటల్లో అడిగి తెచ్చుకున్నాను. పట్టా తీసి, బండ కడిగి, పంచె ఎగ్గట్టి, మచ్చుకత్తి పట్టుకుని మొదలుపెట్టాను. కత్తి దిగినప్పుడల్లా ఖణేల్ ఖణేల్ మని మోత. బండ మీద గీతలు పడుతున్నాయా అంటే పడుతున్నాయి. మళ్లీ రుద్దితే పోతాయిలే అనుకున్నాను. చివరికి మాంసం కైమా అయిందో, నాకు భయపడి చెదిరిపోయిందో గానీ, సన్నగానే వచ్చింది. దాన్ని బండ మీదే రొట్టెలా పరిచి, నారపరెడ్డి నిమ్మకాయలు ఒక్కొక్కటే కోసి పిండాను. మామ కాయలు గదా, పిసినారితనం చేయకూడదని బుట్టలో సగం పిండేశాను.

పిండుతుంటే రసం పడ్డచోటల్లా బండ మీద సన్నగా నురగ లేచింది. బుసబుస పొంగింది. చూసి నేనేమనుకున్నానో తెలుసా? 'ఆహా! తోట కాయలంటే ఇవీ. పిండితేనే పొంగుతున్నాయి' అనుకున్నాను.

ఈ బండ సున్నపురాయి అనీ, పులుపు తగిలితే సున్నపురాయి పొంగి కరిగిపోతుందనీ నేను బడిలో చదివాను. చదవడమే కాదు, పరీక్షలో రాశాను. మార్కులు కూడా వేశారు. ఆ విద్యంతా పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చినట్టున్నాను, గదిలోకి మాత్రం వెంట రాలేదు.

మాంసం ఊరాలి గదా, అలాగే వదిలేశాను. సగం పిండిన నిమ్మచెక్కలు ఎండిపోకుండా బండ మీద బోర్లించి వరసగా పెట్టాను. పొయ్యి రాజేసి, మిరియాలు దంచి, ఉల్లిగడ్డలు కోసి, ఆ కోతలో ఏడ్చి, గంట తర్వాత వచ్చి కైమా ఎత్తి సట్టిలో వేశాను. వేసి, వెనక్కి తిరిగి బండ చూశాను.

అద్దం పోయింది. మాంసం పరిచిన మేరా సున్నం కొట్టినట్టు తెల్లగా, గరుకుగా ఉంది. దాని చుట్టూ, చెక్కలు బోర్లించిన చోటల్లా గుండ్రటి చక్రాలు, చక్రాల్లో బండిచక్రం ఆకుల్లా తొనల గీతలతో సహా అచ్చుపడ్డాయి. నీళ్లు పోసి తుడిచాను, పోలేదు. పంచె కొంగుతో రుద్దాను, పోలేదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా అమ్మ నల్లబడిన ఇత్తడి చెంబును ఏం పెట్టి తోముతుంది? చింతపండు! ఉన్న చింతపండంతా నానబెట్టి, బండ నాలుగు మూలలా పట్టించి, చెమటలు కారేలా తోమాను.

నవ్వండి. నవ్వుతారని తెలుసు. అంతవరకూ అక్కడక్కడా బతికి ఉన్న మెరుపు కూడా ఆ దెబ్బతో చచ్చింది.

సరిగ్గా అప్పుడే మద్దిలేటన్న జొన్నరొట్టెల మూటతో లోపలికి వచ్చాడు. బండను చూశాడు. నన్ను చూశాడు. మూట మెల్లగా కింద పెట్టాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"తోముతాండా అన్నా."

"దేంతో?"

"చింతపండుతో."

"అంతకుముందు?"

"నిమ్మకాయలు పిండినా. దానికంటే ముందు మాంసం కొట్టినా."

అన్న తలపట్టుకుని కూర్చున్నాడు. "ఓరి నీ పాసుగూలా! ఆ బండ ఎవురిదనుకుంటివి? నారపరెడ్డిదిరా! ఆయన దేవుని గదికి చేయించుకున్న బండ! ఈ పొద్దు నిన్నూ సూసి, దాన్నీ లారీలో ఏసుకుని పోదామని వస్తాండాడు! దేవుని గది బండ మీద కోడిని కొట్టినావు గదరా!"

లక్ష్మీదేవి నవ్వు చెవుల్లోంచి దిగి, మైదుకూరు రోడ్డు పట్టుకుని వెళ్లిపోతున్నట్టు అనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది. ఇందాక ఉల్లిగడ్డలకు వచ్చినది కాదు, వేరే ఏడుపు.

"అన్నా, ఎట్లన్నా చేసి కాపాడన్నా. ఆ పిల్ల లేకుంటే నేను..."

"నోర్మూసుకోని పట్టా కప్పు. తిన్నంకనే సూపిద్దాం. కడుపు నిండితే కోపం తగ్గుతాది. నేనేదో ఒకటి చెప్తా, నువ్వు మాత్రం నోరు తెరవాకు."

బయట లారీ ఆగింది. తెల్లటి తలపాగా, గుబురు మీసాలు, మోకాళ్లదాకా దుమ్ముతో నారపరెడ్డి దిగాడు. నోరు తెరవవద్దని అన్న చెప్పి నిమిషం కాలేదు, "రా మామా, కాళ్లు కడుక్కో" అనేశాను. ఇంకా పిల్లనివ్వని మనిషిని మామా అన్నందుకు అన్న నా కాలు తొక్కాడు. నారపరెడ్డి మాత్రం కాళ్లు కడుక్కుని, గదంతా కలియజూసి, గోడ పక్కనున్న గోనెపట్టా మీద ఒక క్షణం ఎక్కువసేపు చూపు నిలిపి, తినడానికి కూర్చున్నాడు.

జొన్నరొట్టె తుంచి, కైమా అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కరకరా చప్పుడైంది. మద్దిలేటన్న కళ్లు మూసుకున్నాడు.

"ఏం మాంసమప్పా ఇది?"

"సీమకోడి మామా."

"బియ్యంలో రాళ్లు సూసినా, బ్యాళ్లలో రాళ్లు సూసినా. మాంసంలో రాళ్లు ఇదే సూసేది. సీమకోడికి లోపల రాళ్లుంటాయా?"

"రాళ్లు తిని బతికే పక్షి బావా అది" అన్నాడు మద్దిలేటన్న, ఏమాత్రం తడుముకోకుండా.

"పులుపు బాగుండాది" అన్నాడు నారపరెడ్డి. మళ్లీ నమిలాడు. మళ్లీ కరకర. నేను కూడా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దొరసాని చెప్పిన రుచి ఉందేమో గానీ, దానికి బేతంచెర్ల గని మొత్తం తోడైంది. ఆయన మాత్రం వదిలిపెట్టకుండా ఆకు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, మీసాలు తుడుచుకుని అడిగాడు.

"యాడప్పా నా బండ?"

అన్న నాకంటే ముందు లేచాడు. పట్టా పట్టుకుని, గుళ్లో తెర తీసే పూజారిలా మెల్లగా తొలగించాడు.

"సూడు బావా సూడు! మేము పాలిష్ చేసినప్పుడు ఏమీ లేదు. పొద్దున లేసి సూస్తే చక్రాలు! స్వామి చక్రాలు! నీ దేవుని గదికి స్వామే ముందుగా వచ్చినాడు!"

నారపరెడ్డి తలపాగా తీశాడు. చేతులు జోడించాడు. నా గుండె ఒక పక్క కుదుటపడుతుంటే, ఇంకో పక్క 'మాంసం కొట్టిన బండకు దండం పెడుతున్నాడే' అని కుమిలిపోతున్నాను. అప్పుడాయన మెల్లగా వంగాడు. మొక్కడానికి అనుకున్నాను. ముక్కు బండకు ఆనించి వాసన చూశాడు. లేచి, బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసుకున్నాడు. మచ్చుకత్తితో అడ్డంగా కోశాడు. ఒక చెక్క తెచ్చి, ఒక చక్రం మీద బోర్లించాడు.

వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

"స్వామి మా తోటకు ఎప్పుడు వచ్చినాడు మద్దిలేటీ?" అన్నాడు.

మద్దిలేటన్న పైకప్పులోకి చూస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు.

"నేనే మామా! నేనే కొట్టినా, నేనే పిండినా. దేవుని గదిదని తెలీదు. నీకు మంచిగా వండి పెట్టల్లని..."

"ఆ తెల్లగా అలికినట్టు ఉండేది ఏంది?" అని మధ్యలోనే అడిగాడు. "చింతపండు పెట్టి తోమినావా?"

"తోమినా. నీకెట్ల తెలుసు మామా?"

అంతే. ఆయన మట్టి నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఎక్కడో విన్నట్టే ఉంది. కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు.

"పోయినేడు మా లక్ష్మీదేవి, దేవుని గదిలో సల్లగా ఉంటాదని ఆడనే కూర్చోని ఊరగాయకు నిమ్మకాయలు కోసింది. చెక్కలన్నీ బండ మీదనే బోర్లించింది. సాయంత్రం సూస్తే బండ నిండా చక్రాలు! మా ఇంటామె టెంకాయ కొట్టింది. వీధి వీధంతా వచ్చి మొక్కి పోయినారు. ఇంగ భయమేసి ఆ పిల్ల రాత్రికి రాత్రి చింతపండు పెట్టి తోమింది. ఉన్నదీ పాయ. ఆ బండ పోబట్టే గదప్పా నేను ఈ కొత్త బండకు చెప్పింది!"

నవ్వు సరే, నా సంగతేమిటి? మద్దిలేటన్నే అడిగాడు.

"మరి, పిల్ల మాట బావా?"

నారపరెడ్డి తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "ఈ బండ దేవునికి పనికిరాదు, ఇంగోటి చేయించు. పిల్ల మాటంటావా? ఆ పిల్లకు వంట రాదు, యా కొంపకు పంపినా ఆ కొంపలో బండలు పోతాయని నాకు దిగులు పట్టుకోనుండె. ఈయప్పను సూస్తే ఇట్లుండాడు. వీళ్లిద్దర్నీ రెండు కొంపల్లో ఏసి రెండు కొంపల బండలు పాడు చేసేదేల? ఒకే కొంపలో ఏస్తే, మిగిలిన ఊరన్నా బాగుంటాది."

అలా నాకు పెళ్లయింది. ఆ బండ కూడా మాకే వచ్చింది. ఇప్పుడు మా పెరట్లో బట్టలుతికే బండ అదే. దాని మీద చక్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే మా ఆవిడ, చారు పోసిన నాటి నవ్వే నవ్వి, "మా ఇంటాయన చేతి వంట" అంటుంది.

కాబట్టి పాఠకులారా, పెద్దలారా, సున్నపురాయి సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో నిమ్మకాయ చేతపట్టి బండ దరిదాపులకు పోను. సీమకోడి ఎదురుగా వస్తే దండం పెట్టి పక్క వీధిలోంచి పోతాను. చింతపండును ఇత్తడి చెంబుకు తప్ప మరి దేనికీ తగలనివ్వను. ఈ ప్రమాణం నేను ఆ బండ మీదే నిలబడి చేశాను. మా ఆవిడను కూడా చేయమన్నాను. పోయినవారం ఆమె మా కొత్త వరండా బండల మీద కూర్చుని ఊరగాయకు నిమ్మకాయలు కోస్తూ, "ఇవి కోసేసి వస్తా ఉండు" అంది.